రాళ్లు పోయాయి... నొప్పి పోలేదు!

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన చాన్నాళ్లు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండేది. అందులో పదకొండు రాళ్లు. మూడు శనగగింజలంత, మిగతావి మినపగింజలంత. ఆపరేషన్ అయిన మర్నాడు "ఇవేనమ్మా మీ రాళ్లు" అంటూ నర్సు నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ మా అత్తయ్య ముందు మంచినీళ్లు, ఆ తర్వాత ఆ డబ్బా అందించేవారు. "చూశారా, ఇన్ని రాళ్లు కడుపులో పెట్టుకుని తిరిగింది పిచ్చిది" అనేవారు. వాళ్లు డబ్బా ఆడించి, గలగల విని, "పోన్లెండి, పీడ వదిలింది" అని వెళ్లేవారు.

పీడ వదల్లేదండీ. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గాల్ బ్లాడర్ తీయించుకున్నాక కూడా కడుపునొప్పితో బాధపడుతూ, ఎవరికి చెబితే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్న ఆడవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారని నాకు నొప్పి వచ్చాకే తెలిసింది. మా స్టాఫ్ రూములోనే ఇద్దరు బయటపడ్డారు!

మాది ఉంగుటూరు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, హైవే పక్కన ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుంచి మమ్మల్ని ఏలూరు జిల్లాలో కలిపారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ఏడాది డిసెంబరులో ఓ పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి మొదటిసారి నొప్పి వచ్చింది. బొడ్డుపైన, కుడి డొక్క కింద ఎవరో గుప్పిట బిగించి పిండుతున్నట్టు మొదలై, వెన్నులోకి, కుడి భుజం రెక్క కిందకి పాకింది. రెండు గంటలు కూర్చోలేను, పడుకోలేను. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు పోయింది. పది రోజుల్లో మళ్లీ వచ్చింది. స్కానింగ్ తీస్తే గాల్ బ్లాడర్ నిండా రాళ్లు!

సర్జన్ గారు వెంటనే చేయించుకోమన్నారు. "సంక్రాంతి వెళ్లాక చూద్దామండి" అన్నాను నేను. ఆడపడుచులు వస్తారు, అల్లుళ్లు వస్తారు, అరిసెలు వండాలి. నా కడుపులో రాళ్లున్నాయని పండగ ఆగుతుందా? అలా నెలాఖరులో, 2023 జనవరిలో, ఆపరేషన్ అయింది. నాలుగు చిన్న బెజ్జాలు, మూడో రోజుకి ఇల్లు. మా మేనత్తకి 1980ల్లో ఇదే ఆపరేషన్ చేస్తే డొక్క కింద జానెడున్నర కోత, నెలరోజులు మంచం. బెజ్జాలతో చేసే పద్ధతిని మన దేశంలో 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా మొదలుపెట్టారట. ఆ మహానుభావుడి పుణ్యాన వారం తిరక్కుండానే వంటింట్లో నిలబడ్డాను. అది పుణ్యమో పాపమో మరి!

"గ్యాసేలే... తగ్గిపోతుంది"

మొదటి నాలుగైదు రోజులు భుజం పీకింది. అది మామూలేనట. బెజ్జాల ఆపరేషన్‌లో పొట్టను గ్యాసుతో ఉబ్బిస్తారు కదా, అది ఊపిరితిత్తుల కింది పొరని రాపాడించడం వల్ల భుజంలో నొప్పి తెలుస్తుంది. అన్నట్టే పోయింది.

మూడో వారంలో అసలు కథ మొదలైంది. కుడిచెయ్యి ఎత్తి బోర్డు మీద రాస్తుంటే డొక్కలో సూది గుచ్చినట్టు కలుక్కుమనేది. కూరగాయల సంచి ఎత్తినా, మంచం మీంచి పక్కకి తిరిగి లేచినా అంతే. ఇంకో పక్క, కొన్ని రాత్రులు భోజనం అయిన గంటకి, పైకడుపులో బరువుగా మొదలై వెన్నులోకి పోటు. పొద్దున్నే లేస్తూనే బాత్‌రూముకి పరుగు. ఒక్కోరోజు బడికి బయల్దేరి గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని.

మళ్లీ చూపించుకుంటే కుట్లు చూసి, "బాగా మానాయమ్మా, ఇది గ్యాస్" అని మాత్రలు రాశారు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. "కడుపులో నొప్పండి" అన్న ఒక్క ముక్క తప్ప నేనేమీ చెప్పలేదు మరి. ఇంటికొస్తే అత్తయ్య వాము నీళ్లు. మావారు "గాల్ బ్లాడరే తీసేశాక ఇంకేం నొప్పుంటుంది? నువ్వు ఊరికే ఆలోచిస్తున్నావ్" అన్నారు. ఆయన ఉద్దేశం ఓదార్చడమే. నాకు మాత్రం ఆ మాట కుట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. నిజంగానే నా మనసులో ఏదైనా తేడా ఉందేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను.

ఇక పథ్యం సంగతి చెప్పాలంటే ఒక పేజీ చాలదు. కొల్లేరు దగ్గరున్న ఊళ్లలో పుట్టి చేపల పులుసు ముట్టకూడదంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి! వచ్చినవాళ్లు తలా ఒకటి నిషేధించి వెళ్లారు. ఒకరు గుడ్డు, ఒకరు వంకాయ, ఒకరు కందిపప్పు, ఇంకొకరు పెరుగు. రెండు నెలల్లో మిగిలింది చారు, బీరకాయ, ఇడ్లీ. తొమ్మిది కిలోలు తగ్గాను. "సన్నబడ్డావే!" అని తోటి టీచర్లు మెచ్చుకున్నారు కూడా.

కడుపు పెద్ద ఊరమ్మా, ఏ వీధి?

మార్చి చివర్లో మా తోటికోడలు బలవంతాన తాడేపల్లిగూడెంలో ఒక పెద్దావిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పల్లెవెలుగు బస్సులో ఆ కాస్త దూరం కూడా సంచి కడుపుకి అదుముకుని కూర్చున్నాను.

"నొప్పి ఎక్కడమ్మా?" అన్నారావిడ.

"కడుపులోనండి."

"కడుపు పెద్ద ఊరమ్మా. ఏ వీధి?"

నవ్వొచ్చింది. మూడు నెలల్లో నొప్పి గురించి మాట్లాడుతూ నవ్వడం అదే మొదలు. "ఒక్క వేలుతో చూపించు" అన్నారు. వేలు పెట్టాను. పక్కటెముకల కింద ఒక పాత బెజ్జం పక్కన, సరిగ్గా రూపాయి బిళ్లంత చోటు. "రాత్రిళ్లు వచ్చేది కూడా ఇక్కడేనా?" అన్నారు. ఆలోచించాను. కాదు! అది వేలికి అందదు. అరచెయ్యి మొత్తం పరచి చూపించాలి. "ఆపరేషన్‌కి ముందు వచ్చిన నొప్పి, ఇది ఒక్కలాగే ఉన్నాయా?" అన్నారు. అచ్చం అదే నొప్పి. కాస్త తక్కువ, అంతే.

"అయితే నీకున్నది ఒక నొప్పి కాదు, రెండు. పొద్దున్నే పరుగు మూడోది. మూడిటికీ కలిపి ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటే ఏది తగ్గుతుందమ్మా?"

నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఆ రూపాయి బిళ్ల చోట వేలితో నొక్కి, చేతుల సాయం లేకుండా తల, భుజాలు కొంచెం పైకెత్తమన్నారు. ప్రాణం పోయింది! "పొట్ట కండరం బిగిసినప్పుడు నొప్పి పెరిగిందంటే, అది లోపలిది కాదు, గోడది" అన్నారు. నొప్పి లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం అడ్డుపడి తగ్గాలట, లేదా పెరగకుండా ఉండాలట. ఇది కొత్త పరీక్షేమీ కాదు. 1926లో అమెరికాలో కార్నెట్ అనే సర్జన్ చెప్పింది. పైసా ఖర్చు లేనిది. బెజ్జం మానేటప్పుడు చర్మానికి వచ్చే సన్నటి నరం ఒకటి మచ్చలో ఇరుక్కుంటే ఇలా ఉంటుందట. బొడ్డు దగ్గరి బెజ్జంలో దగ్గినప్పుడు ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, దాన్ని వేరుగా చూడాలని కూడా చెప్పారు.

రెండో నొప్పి మాటకి వచ్చేసరికి ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. రక్తపరీక్షలో లివర్‌కి సంబంధించిన అంకెలు కొంచెం పెరిగి ఉన్నాయి. స్కానింగ్‌లో పైత్యరసం వచ్చే నాళం వెడల్పుగా కనిపించింది. గాల్ బ్లాడర్ తీసినవాళ్లలో నాళం కొంత వెడల్పు కావడం ఉన్నదేనట. కానీ నొప్పి, అంకెలు, వెడల్పు మూడూ కలిస్తే ఊరుకోకూడదు, ఎం.ఆర్.సి.పి. అనే స్కాన్ తీయించమన్నారు.

కొల్లేరు ఎండినా ఉప్పుటేరు పూడితే...

రాళ్లు తీసేశాక మళ్లీ రాయేమిటి? మావారికే కాదు, నాకూ అర్థం కాలేదు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించాక మాత్రం కొల్లేరు దగ్గర బతికేవాళ్లకి ఇంత తేలికైన పాఠం ఇంకోటి లేదనిపించింది.

బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేట్లోకి వస్తాయి. కొల్లేరు ఆ నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదులుతుంది. మన ఒంట్లో కాలేయం రోజంతా పైత్యరసం తయారు చేస్తూనే ఉంటుంది. అర లీటరు నుంచి లీటరు దాకా. గాల్ బ్లాడర్ ఒక చిన్న కొల్లేరు. నాలుగైదు చెంచాల రసం పట్టి ఉంచి, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు పిండి పంపిస్తుంది. ఆ రసం పేగులోకి వెళ్లే నాళమే ఉప్పుటేరు. ఆపరేషన్‌లో తీసేసింది చెరువుని. కాలువని కాదు. మినపగింజంత రాయి ఒకటి ఆపరేషన్‌కి ముందే చెరువులోంచి జారి కాలువలో పడి ఉంటే? ఎన్ని రాళ్లు డబ్బాలో పెట్టి చూపించినా ఆ ఒక్కటీ లోపలే ఉంటుంది. పెద్ద రాళ్లకంటే చిన్నవే ఇలా జారేది. గాల్ బ్లాడర్ రాళ్లతో బాధపడేవాళ్లలో పదిమందికి ఒకరిద్దరికి నాళంలోనూ రాయి ఉండే అవకాశం ఉందంటారు. అందుకే ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు, నాళం వెడల్పు చూస్తారు. చూసినా ఒక్కోసారి అప్పటికి అది అక్కడ దొరకదు.

ఇంత తెలిసీ నేనేం చేశానో చెబితే మీరు తిడతారు. స్కాన్ వాయిదా వేశాను. ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే పేపర్లు దిద్దే డ్యూటీ. అబ్బాయి ఫీజు కట్టాలి. "ఈ నెల గడవనీయండి" అన్నాను మావారితో. ఆయన సరేనన్నారు. మనం అడగనిదే ఎవరు తీసుకెళ్తారు, మనమే వద్దంటే ఎవరు బలవంతం చేస్తారు?

ఏప్రిల్ మూడోవారంలో ఒక రాత్రి నొప్పి వచ్చింది. ఈసారి చలి కూడా. ఉంగుటూరులో ఏప్రిల్ ఉక్కలో రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. జ్వరం. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. అయినా తెల్లారేదాకా ఆగుదామన్నాను. మా తోటికోడలు నా కళ్లు టార్చి వేసి చూసి, "పచ్చగా ఉన్నాయక్కా, లే" అని అప్పటికప్పుడు కారు మాట్లాడింది. తెల్లవారకముందే విజయవాడ చేరాం.

అక్కడ అడిగిన మొదటి మాట "ఇంతకాలం ఏం చేశారు?" అని. నాళం మూసుకుపోయి, నిలవ ఉన్న పైత్యరసంలో చీము పట్టడం మొదలైందట. ఆ చీము రక్తంలోకి పాకితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి, మర్నాడు ఇ.ఆర్.సి.పి. చేశారు. నోట్లోంచి గొట్టం పంపి, చిన్నపేగు మొదట్లో నాళం తెరుచుకునే గుమ్మాన్ని కొంచెం కోసి, రాయిని లాగేస్తారు. కోత పొట్టమీద ఉండదు. ఇలా గుమ్మం కోసే పద్ధతి 1974లో జర్మనీలోనూ జపాన్‌లోనూ మొదలైంది. మన తెలుగువాళ్లలో ఈ విద్యకి ప్రపంచమంతటా పేరు తెచ్చినవారు డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, 1994లో హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పెట్టారు. 2025లో పద్మవిభూషణ్ కూడా వచ్చింది.

ఈసారి రాయి చేతికివ్వలేదు. పేగులోకి లాగి వదిలేస్తారట, అదే పోతుందట. మా అత్తయ్యకి నమ్మకం కుదరలేదు. "చూపించకపోతే తీశారని ఏంటి గ్యారంటీ?" అన్నారు. నా కళ్లు తెల్లబడ్డాకే ఊరుకున్నారు.

బ్రిటన్ ప్రధానికీ తప్పలేదు

మంచం మీద ఉన్నప్పుడు నాకు సూయెజ్ కాలువ పాఠం గుర్తొచ్చింది. సోషల్ టీచర్‌ని కదా! 1956లో ఈజిప్టు నాయకుడు నాసర్ సూయెజ్ కాలువని జాతీయం చేస్తే, బ్రిటన్ ప్రధాని ఆంథొనీ ఈడెన్ సైన్యాన్ని పంపి నగుబాటుపాలయ్యాడని పిల్లలకి ఏటా చెబుతాను. ఆయన కడుపు కథ మాత్రం ఈ గొడవలో పడ్డాకే చదివాను. 1953 ఏప్రిల్‌లో, విదేశాంగ మంత్రిగా ఉండగా, లండన్‌లో ఆయన గాల్ బ్లాడర్ తీశారు. అందులో పైత్యరస నాళం దెబ్బతింది. మళ్లీ కోశారు. ఆ జూన్‌లో అమెరికాలోని బోస్టన్ తీసుకెళ్లి మూడోసారి సరిచేశారు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు నాళంలో చీము పట్టి, చలిజ్వరాలు వస్తూ పోతూ ఉండేవి. సూయెజ్ గొడవ నడుస్తున్న రోజుల్లోనే ఒకసారి తీవ్ర జ్వరంతో పడ్డాడు. 1957 జనవరిలో ఆరోగ్యం బాగాలేదంటూ రాజీనామా చేశాడు. ఆ యుద్ధానికి కారణం ఆయన కడుపేనని నేననను. చరిత్ర అంత తేలిగ్గా తేలదు. కాకపోతే అంతటివాడిని కూడా "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేంటి?" అని ఎవరో ఒకరు అనే ఉంటారు.

భయపడకండి. నాళం దెబ్బతినడం ఇప్పుడు చాలా అరుదు. వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి మించి జరగదంటారు. జరిగితే సాధారణంగా మొదటి రోజుల్లోనే కడుపు ఉబ్బడం, జ్వరం, కామెర్లు, తగ్గని వాంతులు కనిపిస్తాయి. అలాంటప్పుడు కుట్లు విప్పే తారీఖు దాకా ఆగకూడదు. ఆ రోజే వెళ్లాలి. నెలలు గడిచాక అయినా సరే చలిజ్వరం, పసుపు కళ్లు, ముదురు మూత్రం, తెల్లటి విరేచనం కనిపిస్తే నాలాగా తెల్లారే బస్సు కోసం చూడొద్దు. ఇంకో మాట. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి, ముఖ్యంగా షుగరు, బీపీ ఉన్నవాళ్లకి, గుండెపోటు కూడా పైకడుపు నొప్పిలా రావచ్చు. చెమటలు, ఆయాసం, దవడలోకో చేతిలోకో లాగడం ఉంటే గాల్ బ్లాడర్ సంగతి పక్కనపెట్టి ముందు ఈసీజీ తీయించుకోవాలి.

అన్నీ రాళ్ల పనేనా?

ఇంత చెప్పాక మీలో ఎవరికైనా "నాకూ రాయి మిగిలిపోయిందేమో" అని దిగులు పుట్టి ఉంటే, అదీ సరికాదు. ఆపరేషన్ తర్వాత నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి నాళం శుభ్రంగానే ఉంటుంది. అసలు ఆ మొదటి నొప్పే రాళ్లది కాకపోవచ్చు! కడుపులో పుండో, పులితేన్పుల ఆమ్లమో, పేగుల తత్వమో ఉంటుంది. స్కాన్ తీస్తే రాళ్లు కనిపిస్తాయి. నేరం వాటి మీద పడుతుంది. రాళ్లు పోతాయి, నొప్పి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 24 ఆసుపత్రుల్లో, రాళ్లూ కడుపునొప్పీ ఉన్న వెయ్యిమందికి పైగా రోగుల్ని ఏడాదిపాటు గమనించి 2019లో వివరాలు ప్రకటించారు. వాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ జరిగింది. ఏడాది చివర నొప్పి పూర్తిగా పోయిందన్నవాళ్లు నూటికి అరవైకి మించలేదు. అంటే మనం ఒంటరివాళ్లం కాము, పిచ్చివాళ్లమూ కాము.

మా స్టాఫ్ రూములో బయటపడ్డ ఇద్దరిలో ఒకావిడకి జరిగింది ఇదే. ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు కనిపించింది. రెండు వారాల మందుల కోర్సుతో ఆరేళ్ల నొప్పి తగ్గింది. ఆ ఆరేళ్లూ నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో అడిగి నొప్పిమాత్ర కొనుక్కునేదావిడ. పుండున్న కడుపుకి ఆ మాత్రలే శత్రువులు!

రాయి లేకపోయినా నాళం చివరి కండరం బిగుసుకోవడం వల్లే నొప్పి అని, దాన్ని కోసేయడం ఒకప్పుడు బాగా జరిగేది. అమెరికాలో 214 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. కొందరికి నిజంగా కోశారు, కొందరికి గొట్టం వేశారు గానీ కోయలేదు. ఎవరికేది జరిగిందో రోగులకి తెలియదు. ఏడాది తర్వాత చూస్తే కోసినవారిలో నూటికి 23 మందికి, కోయనివారిలో నూటికి 37 మందికి తగ్గింది! నాళం, రక్తపరీక్షలు బాగానే ఉన్నా ఎవరైనా ఇ.ఆర్.సి.పి. చేస్తామంటే, "ఎందుకండీ, ఏం కనిపించింది?" అని అడగడంలో తప్పులేదు. ఆ పద్ధతిలో నూటికి కొందరికి క్లోమం వాచే ప్రమాదం కూడా ఉంది మరి.

నా విషయానికొస్తే, రాయి తీశాక రాత్రి నొప్పి మళ్లీ రాలేదు. రూపాయి బిళ్ల నొప్పి మాత్రం అలాగే ఉంది. మచ్చ దగ్గర మత్తుమందు సూది వేస్తే పది నిమిషాల్లో మాయమైంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నొప్పి పోయినందుకు కాదు, అది నిజంగా ఉండేదని తేలినందుకు. నెల తిరిగేసరికి మళ్లీ కొంచెం వచ్చింది, రెండో సూది వేయించుకున్నాను. పొద్దుటి పరుగుకి కారణం, పట్టి ఉంచే సంచి లేక పైత్యరసం పేగుల్లోకి ధారగా పడుతుండటమేనట. కొలెస్టిరమైన్ అనే పొడి నీళ్లలో కలిపి తాగమన్నారు. ఇసుక తాగినట్టుంటుంది, కానీ పనిచేసింది. మిగతా మందులు వేసుకునే వేళకి దీనికి మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. ఆ సంగతి డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి.

పథ్యం గురించి అడిగితే డాక్టరమ్మ, "ఎవరు చెప్పారు ఇవన్నీ?" అన్నారు. మొదట్లో కొన్ని వారాలు నూనె, నెయ్యి తగ్గించి, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినమన్నారు. ఆ తర్వాత ఏది పడుతుందో ఏది పడదో నా కడుపే చెబుతుందట. ఆ ఆదివారం మావారు కొర్రమేను తెచ్చారు. అత్తయ్య చింతపండు పులుసు పెట్టి, రెండు ముక్కలే వేసి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూశారు. ఏమీ కాలేదు. మూడో ముక్క ఆవిడే వేశారు.

ఇప్పటికీ తుపాను పట్టిన రోజుల్లో, వరసగా అయిదు పీరియడ్లు రాసిన రోజుల్లో డొక్కలో చిన్నగా పట్టినట్టుంటుంది. దానితో బతకొచ్చు. రిపోర్టులన్నీ తారీఖుల వారీగా ఒక ఫైల్లో పెట్టాను. ఆపరేషన్ కాగితం, తీసిన గాల్ బ్లాడర్‌ని ల్యాబుకి పంపితే వచ్చిన బయాప్సీ రిపోర్టు, ఇ.ఆర్.సి.పి. ఫొటోలు, అన్నీ అందులోనే. అది తీసుకెళ్తే ఏ డాక్టరూ మళ్లీ మొదటినుంచి అడగనక్కర్లేదు. రాళ్ల డబ్బా మాత్రం ఓ రోజు నేనే తీసి పెరట్లో కనకాంబరాల మొదట్లో పారబోశాను.

మొన్న భీమడోలు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. వేరే దేనికో స్కాన్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రెండు రాళ్లు కనిపించాయట. "తీయించేసుకోమంటావా వదినా? నువ్వైతే అన్నీ చూశావుగా" అంది.

"ముందు ఇది చెప్పు. నీకసలు నొప్పి ఉందా?"

"కడుపులో అప్పుడప్పుడూ ఏదో..."

"ఏదో కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు? తిన్నాకా, తినకముందా? నొప్పే లేని రాళ్లని చాలామందికి ముట్టుకోనక్కర్లేదంటారు. కాగితం తీసుకుని ఓ రెండు వారాలు రాయి. అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈ రాళ్లు తీస్తే ఈ నొప్పి పోతుందా అని ఇద్దరం కలిసే అడుగుదాం."

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా అంది. "వదినా, వేలు పెట్టి చూస్తున్నా. ఉండు... ఎక్కడో సరిగ్గా తెలీట్లేదు."